ఎండకు ఆగే అంబాసిడర్: ఇంజను దించే ముందు మూడు పరీక్షలు

వరంగల్లు రోడ్డున ఉప్పల్ మీదుగా హైదరాబాదు చేరేవారికి హబ్సిగూడ దాటగానే తార్నాక చౌరస్తా తగులుతుంది. అక్కడ ఎడమకు తిరిగితే ఉస్మానియా యూనివర్శిటీ. ఊళ్లో పెళ్లిళ్లకూ, ఆస్పత్రికీ అక్కరకొచ్చిన పాత అంబాసిడర్ కారు ఇంటి ముందు ఇంకా ఉన్నవారు, బిడ్డను యూనివర్శిటీ హాస్టల్లో దింపడానికి ఆ కారులోనే బయలుదేరారనుకోండి. ఎండలు మండే రోజులు. ఉప్పల్ దాకా ఏ పేచీ లేకుండా వచ్చిన కారు, మెట్రో రైలు వంతెన కింద బండి వెనుక బండిగా జరుగుతూ తార్నాక చేరేసరికి రెండు దగ్గులు దగ్గి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతుంది గాని అంటుకోదు. అరగంట చెట్టునీడన నిలిపితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. క్యాంపస్ లోపలికి పోయి, ఆర్ట్స్ కాలేజీ దాకా రాకముందే మళ్లీ ఆగుతుంది.

ఈ జబ్బు పాత కార్లున్న వారందరికీ ఎరుకే. చిక్కల్లా ఏమంటే, ఇలా ఆగిన కారును తెలియని షెడ్డుకు తోలితే ముందు ప్లగ్గులు, తర్వాత కార్బొరేటర్, చివరకు "ఇంజను పోయింది, వేరేది వేయాల్సిందే" అనే మాట వినవలసి రావడం కద్దు. నిజానికి నూటికి తొంభై పాళ్లు అని లెక్క కట్టలేకపోయినా, ఇలాంటప్పుడు ఇంజను జోలికి పోనక్కరలేని సందర్భాలే ఎక్కువ. ఒకే లక్షణం వెనుక మూడు వేర్వేరు కారణాలుండవచ్చు. ఏది అన్నది తేల్చుకోవడానికి ఖర్చు లేదు. కాస్త ఓపిక చాలు.

మూత తీసి చూడండి

మొదటి అనుమానితుడు పెట్రోలు టాంకు మూత. కిరసనాయిలు డబ్బాకు ఒకే చిల్లు పొడిచి వంచితే నాలుగు చుక్కలు కారి ఆగిపోతుంది. రెండో చిల్లు పొడిస్తేనే ధార కడుతుంది. లోపలికి గాలి పోనిదే నూనె బయటికి రాదు. పెట్రోలు టాంకుదీ అదే తీరు. మూతకు ఉండే సన్నని గాలి రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే, కొంత దూరం నడిచాక టాంకులో గాలి తక్కువై పంపు పెట్రోలు లాగలేకపోతుంది. కాసేపు నిలిపితే ఏ సందునుంచో గాలి చేరి బండి మళ్లీ నడుస్తుంది. కారు ఆగిన వెంటనే మూత తిప్పినప్పుడు "స్‌స్" మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడైతే దొంగ దొరికినట్టే. రంధ్రం శుభ్రం చేస్తే సరి. పైసా ఖర్చుండదు.

పైపులో ఆవిరి

రెండోది ఆవిరి. బావి దగ్గర ఫుట్ వాల్వు లీకై సక్షన్ పైపులో గాలి పడితే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు. మోటారు తిరుగుతుంది, నీరు మాత్రం రాదు. పాత కారులో పెట్రోలు పైపు వేడి ఇంజను పక్కగా పోతుంది. రోడ్డు మీద వేగంగా పోతున్నంతసేపు ఎదురుగాలి దాన్ని చల్లబరుస్తుంది. ట్రాఫిక్కులో నిలబడినప్పుడు ఎదురుగాలి ఉండదు. బెల్టుతో తిరిగే రేడియేటర్ ఫ్యాను కూడా ఇంజను నెమ్మదించే కొద్దీ నెమ్మదిస్తుంది. వేడి పెరిగి పెట్రోలు పైపులోనే మరిగి ఆవిరవుతుంది. ద్రవాన్ని లాగే పంపు ఆవిరిని లాగలేదు. ఊరి నుంచి ఉప్పల్ దాకా రాని జబ్బు తార్నాకలో ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇదే.

దీనికి మందు ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేయడం. వెనకటి టాక్సీ డ్రైవర్లు సీటు కింద ఒక గుడ్డ, ఒక సీసాడు నీళ్లు పెట్టుకునేది ఇందుకే. తడిగుడ్డ వేసిన కొద్ది నిమిషాలకే స్టార్టయితే జబ్బు ఆవిరిదేనని తేలింది. ఆ తర్వాత పైపును ఇంజనుకు కాస్త ఎడంగా జరిపి కట్టించుకోవాలి. ఫ్యాను బెల్టు బిగువు, రేడియేటర్ నీళ్లు చూసుకోవాలి. అయితే వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎంతమాత్రం తిప్పరాదు. మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

వేడికి చచ్చే కరెంటు

మూడోది కరెంటు. పెట్రోలును మండించే నిప్పురవ్వ కాయిల్‌లో పుట్టి, డిస్ట్రిబ్యూటర్ గుండా నాలుగు ప్లగ్గులకు పోతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో బొటనవేలంత కండెన్సర్ ఒకటుంటుంది. కాయిల్ గాని, కండెన్సర్ గాని లోపల పాడైతే చల్లగా ఉన్నప్పుడు పనిచేసి, వేడెక్కగానే చేతులెత్తేస్తాయి. చల్లారాక మళ్లీ పనిచేస్తాయి. అందుకే ఆవిరి జబ్బుకూ దీనికీ తేడా తెలియక పొరబడతారు.

తేడా తెలుసుకోవాలంటే కారు ఆగి ఉన్నప్పుడే చూడాలి. చల్లారి స్టార్టయ్యాక చూస్తే ఏమీ కనిపించదు. పెట్రోలు ఎక్కడా కారడం లేదని రూఢి చేసుకుని, ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దాని చివర ఒక ప్లగ్గు తగిలించి, ఆ ప్లగ్గు ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి, మరొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. వైరును వట్టి చేత్తో పట్టుకోరాదు. తెల్లటి నీలిరంగు రవ్వ గట్టిగా వస్తే కరెంటు బాగున్నట్టే, తప్పు పెట్రోలు దారిలో ఉంది. రవ్వ ఎర్రగా, పసుపుగా నీరసంగా వచ్చినా, అసలే రాకపోయినా ముందు పాయింట్లు గీకి శుభ్రం చేయాలి. పాయింట్ల సందు ఒక మిల్లీమీటరులో సగం కన్నా కొంచెం తక్కువ ఉండాలి. అప్పటికీ రవ్వ రాకుంటే కండెన్సర్, ఆ తర్వాత కాయిల్ మార్చి చూడాలి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండూ ఒకేసారి మారిస్తే జబ్బు ఎందులో ఉండిందో ఎన్నటికీ తెలియదు.

కొత్త పెట్రోలు, పాత రబ్బరు

ఈ మూడింటికి తోడు ఇటీవల మరొకటి చేరింది. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 పాళ్లు ఇథనాల్ కలిపి అమ్మడం మొదలైంది. అంబాసిడర్ వంటి కార్లు తయారైననాడు ఈ ఊసు లేదు. అందువల్ల వాటి పాత రబ్బరు పైపులు, పంపులోని పలుచని రబ్బరు పొర ఉబ్బడం, పగుళ్లివ్వడం జరుగుతుంది. ఇథనాల్‌కు నీటిని పీల్చే గుణం కూడా ఉంది. నెలల తరబడి నిలిపి ఉంచిన కారు టాంకులో అడుగున నీరు చేరి తుప్పు పడుతుంది. పైపులు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించుకోవడం, కారును నిలవ ఉంచేటప్పుడు టాంకు ఖాళీ చేయించడం మేలు. పగిలిన పైపు వేడి ఇంజను మీద కారితే ఆగేది కారు మాత్రమే కాదు, మంటలు రేగే ప్రమాదం కూడా ఉంది.

ఇంజను మారిస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో 1950ల చివర మొదలైన అంబాసిడర్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే దాకా తయారైంది. ఇక కొత్తది రాదు. ఉన్నవాటిని నిలబెట్టుకోవడమే మిగిలింది.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన కారును వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేయించుకోవచ్చు. దానికి ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. అయితే చాసిస్, బాడీ, ఇంజను మార్పులకు లోనుకాకుండా అసలు రూపంలో ఉండాలి. అలా రిజిస్టరైన కారును రోజువారీ తిరుగుడుకు, కిరాయికి వాడరాదు. అంటే ఒక కండెన్సర్ మార్చవలసిన చోట తొందరపడి వేరే ఇంజను ఎక్కించినవారు ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే. తాత కొన్న కారు మనుమడి చేతిలో తుక్కు సామానై పోతుంది.

ఉస్మానియాలో ఇంజనీరింగ్ కాలేజీ 1929లో వెలిసింది. యంత్రశాస్త్రం అక్కడ పుస్తకాల్లో దొరుకుతుంది. చెవితో విని, చేత్తో తడిమి జబ్బు చెప్పే విద్య మాత్రం పాత మేస్త్రీల దగ్గరే ఉంది. వారి సంఖ్య తగ్గుతోంది. మేస్త్రీ దగ్గరకు పోయినప్పుడు "ఏం మార్చాలి?" అని కాక, "ఎప్పుడు ఆగింది, ఎలా ఆగింది, ఎంతసేపటికి లేచింది" అన్నది వివరంగా చెబితే ఆయన పని సగం తేలికవుతుంది. జ్వరం వచ్చినవాడు డాక్టరుకు చెప్పుకునేదీ అదే గదా.

దూరప్రయాణానికి బయలుదేరే పాత కారులో ఒక కండెన్సర్, ఒక జత పాయింట్లు, ఒక ప్లగ్గు, ఒక ఫ్యాను బెల్టు, తడపడానికి గుడ్డ, నీళ్ల సీసా ఉంచుకుంటే చాలు. తార్నాక చౌరస్తాలో ఆగినా, బిడ్డ హాస్టలు గేటు మూసేలోగా చేరవచ్చు.