రాజీనామా చెయ్యొద్దు, తిరుగుబాటుకి సాయం కూడా చెయ్యొద్దు: రొడీషియా ఉద్యోగుల చిక్కు

ఒక్కసారి ఇలా ఊహించుకోండి. మీరు గవర్నమెంట్ ఉద్యోగి. మధ్యాహ్నం రేడియోలో మీ ప్రధానమంత్రి వచ్చి, ఇవాళ్టి నుంచి మనం స్వతంత్ర దేశం అన్నాడు. అదే రోజు మీ గవర్నర్ ఆ ప్రధానమంత్రినీ, మంత్రులందర్నీ డిస్మిస్ చేశాడు. మరి రేపు పొద్దున ఆఫీసుకి వెళ్ళాలా, మానెయ్యాలా?

ఇది నిజంగా జరిగింది. 1965 నవంబర్ 11, రొడీషియా. అంటే ఇప్పటి జింబాబ్వే. అప్పట్లో అది బ్రిటిష్ కాలనీయే, కానీ 1923 నుంచి లోపలి పాలన అక్కడి తెల్లవాళ్ళే చూసుకునేవారు. తెల్లవాళ్ళు సుమారు 2 లక్షల 20 వేలు, నల్లవాళ్ళు 40 లక్షలకు పైనే. మెజారిటీ పాలన వైపు వెళ్తామన్న హామీ ఉంటేనే స్వతంత్రం అని లండన్ అంటుంటే, ఇయాన్ స్మిత్ ప్రభుత్వం తనంతట తనే స్వతంత్రం ప్రకటించేసుకుంది. తమాషా ఏంటంటే, ఆ ప్రకటన చివర్లో రాణిగారికి జై కొట్టారు! అంటే మేము రాణికి విధేయులమే, లండన్ ప్రభుత్వానికి మాత్రం కాదు అని లెక్క.

ఇక్కడే ఉద్యోగులకి చిక్కొచ్చింది. ఇద్దరూ రాణి పేరే చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

గవర్నర్ సర్ హంఫ్రీ గిబ్స్ ప్రకటనలో రెండు మాటలున్నాయి. ఒకటి, ఈ చట్టవిరుద్ధ ప్రభుత్వానికి ఉపయోగపడే పని ఏదీ చెయ్యకండి. రెండు, శాంతిభద్రతలు కాపాడుతూ మీ మామూలు పనులు మీరు చేసుకోండి. జడ్జీలకీ, సైన్యానికీ, పోలీసులకీ, ప్రభుత్వోద్యోగులకీ ఇదే వర్తిస్తుంది. లండన్‌లో ప్రధాని హెరాల్డ్ విల్సన్ లైన్ కూడా ఇదే. పైగా సెన్సార్‌షిప్ పెట్టేసి, గవర్నర్ ప్రకటన అక్కడి మీడియాలో రాకుండా స్మిత్ ఆపేశాడు.

మరి లండన్ అందర్నీ రాజీనామా చెయ్యమని ఎందుకు అడగలేదు? బలప్రయోగం చెయ్యబోమని విల్సన్ ముందే బహిరంగంగా చెప్పేశాడు. అక్కడ బ్రిటిష్ సైన్యం లేదు. ఉద్యోగులు వెళ్ళిపోతే ఆ కుర్చీల్లో స్మిత్ తన మనుషుల్ని కూర్చోబెడతాడు. పైగా ఆంక్షల దెబ్బకి నెలల్లో కాదు, వారాల్లోనే ఈ తిరుగుబాటు ముగుస్తుందని 1966 జనవరిలో కూడా విల్సన్ అంచనా. ముగిశాక దేశాన్ని నడపాలంటే ఆఫీసులు ఉండాలి కదా! ఆలోచన బాగానే ఉంది. కానీ ఆ వారాలు 14 ఏళ్ళు దాటాయి.

చిన్న ఉదాహరణ చెప్తా. డిసెంబర్‌లో రొడీషియా స్వాతంత్ర్యం పేరుతో ఒక స్టాంపు వేసింది. బ్రిటన్ ఆ స్టాంపు చెల్లదంది, అది అంటించిన ఉత్తరాలకి అదనపు చార్జీ వసూలు చేసింది. ఇప్పుడు పోస్టాఫీసు గుమస్తా సంగతి చూడండి. ఉత్తరాలు పంచితే మామూలు డ్యూటీ. అదే కౌంటర్లో ఆ స్టాంపు అమ్మితే? గీత ఎక్కడ గియ్యాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. నా ఉద్దేశంలో ఆ పాలసీలో అసలు లోపం ఇదే. ప్రభుత్వం తేల్చలేని ప్రశ్నని గుమస్తా మీదికి తోసేశారు.

గిబ్స్ సంగతి వేరు. ఆయన కదలనన్నాడు. జీతం ఆపారు, కారు తీసుకున్నారు, ఫోన్ కట్ చేశారు. అయినా 1969 జూన్ దాకా గవర్నమెంట్ హౌస్‌లోనే ఉన్నాడు. స్మిత్ మాత్రం క్లిఫర్డ్ డూపాంట్‌ని ఆ స్థానంలో పెట్టుకుని పని కానిచ్చేశాడు.

అసలు పరీక్ష కోర్టుల్లో వచ్చింది. విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న డేనియల్ మడ్జింబముటో తరఫున ఆయన భార్య స్టెల్లా కేసు వేసింది. లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1968 జులైలో తీర్పిచ్చింది: ఆ నిర్బంధం చెల్లదు. పనిలో ఉండమని గవర్నర్ చెప్పినంత మాత్రాన స్మిత్ ఉత్తర్వులు చట్టం అయిపోవు. జడ్జీలు ఇబ్బందిలో పడ్డారన్నది నిజమే, కానీ ఆ కారణంతో బ్రిటిష్ పార్లమెంట్ చట్టాన్ని పక్కన పెట్టడం కుదరదు. లార్డ్ పియర్స్ ఒక్కడే ఒప్పుకోలేదు. ఉద్యోగుల్ని పనిచెయ్యమన్నాక, రోజువారీ పాలనకి కావాల్సిన వాటినైనా చెల్లనివ్వాలి కదా అన్నాడు.

అక్కడి కోర్టు ఈ తీర్పుని పట్టించుకోలేదు. అంతకుముందు మార్చిలోనే, రాణి క్షమాభిక్ష పెట్టినా ముగ్గురు ఆఫ్రికన్లని ఉరి తీసేశారు. ఆ ఏడాది ఫీల్డ్‌సెండ్, డెండీ యంగ్ అనే ఇద్దరు జడ్జీలు రాజీనామా చేశారు. చీఫ్ జస్టిస్ బీడిల్ కుర్చీలోనే ఉండి, చివరికి స్మిత్ ప్రభుత్వాన్నే చట్టబద్ధమైనదని ఒప్పుకున్నాడు. ఈ ముగ్గురికీ 1965లో అందిన ఆదేశం ఒకటే, మామూలు పని చేసుకోండి అని.