పాత బోటు మోటారుకు కొత్త ముల్లు

మిర్చి చేలో బోరు స్టార్టర్ డబ్బా తెరవగానే రైతు చూపు రెండు ముళ్ల మీదికి పోతుంది. ఒకటి వోల్టేజీ, రెండోది ఆంపియర్లు. ఆంపియర్లు మామూలు కంటే పెరిగితే మోటారు మీద భారం పడుతోందని, బాగా పడిపోతే బోరులో నీళ్లు అందడం లేదని అతనికి తెలుసు. ఆ చేలు దాటి సముద్రం వైపు వెళితే నిజాంపట్నం, వాడరేవు, కొత్తపట్నం వస్తాయి. అక్కడ ఫైబర్ బోటు వెనుక బిగించే చిన్న పాత మోటార్లకు సాధారణంగా అలాంటి ముల్లు ఒక్కటీ ఉండదు. నడిపేవారికి చెవే మీటరు.

ఆ చెవిని నేను తక్కువ చేయను. కానీ అది చెప్పలేని విషయం ఒకటుంది: వేడి.

నీటితో చల్లబడే ఔట్‌బోర్డు మోటారు (బోటు వెనుక పలకకు బయట బిగించేది) సముద్రపు నీటినే తోడుకుంటుంది. అడుగు భాగంలో ఇంపెల్లర్ (రబ్బరు రెక్కల చక్రం) తిరిగి నీటిని పైకి నెడుతుంది. ఆ నీరు సిలిండర్ చుట్టూ తిరిగి బయటికి పోతుంది. అందులో కొంత సన్నని ధారగా వెనుక కనిపిస్తుంది. మన తీరంలో బోటును ఇసుక ఒడ్డు నుంచే దింపుతారు కాబట్టి, లోతు లేనిచోట మోటారు వేస్తే నీటితో పాటు ఇసుకా లోపలికి పోయి రెక్కలను అరగదీస్తుంది. నీటి దారుల్లో ఉప్పు పేరుకుని అవి ఇరుకవుతాయి. ధార సన్నబడుతుంది. తెల్లవారకముందు చీకట్లో అది ఎవరికి కనబడుతుంది? శబ్దం మారేసరికి పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌కు పట్టుకోవడం మొదలై ఉంటుంది.

అందుకే ఒక్క మీటరే పెట్టగలిగితే ఉష్ణోగ్రత మీటరు పెట్టమంటాను. దాని సెన్సర్ నీటి దారిలో కాకుండా సిలిండర్ తల లోహానికే తగిలి ఉండాలి. నీరు పూర్తిగా ఆగితే నీటిలోని సెన్సర్‌కు వేడి సరిగా అందదు, లోహానికి మాత్రం వెంటనే తెలుస్తుంది. స్పార్క్ ప్లగ్ కింద వాషర్‌లా కూర్చునే సెన్సర్లున్నాయి. ఇంజనుకు రంధ్రం చేయనక్కరలేదు. నీటి ఒత్తిడి మీటరు ఇంకా ముందే చెబుతుంది గానీ, దానికి నీటి దారిలో గొట్టం కలపాలి. గాలితో చల్లబడే డీజిల్ ఇంజన్లకు దాని పనే లేదు.

తర్వాతది ట్యాకోమీటర్ (ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది). తాడు లాగి స్టార్టు చేసే మోటారుకు బ్యాటరీ ఉండదు. అప్పుడు ప్లగ్ వైరుకు చుట్టే చిన్న మీటరు చాలు. దాని బ్యాటరీ దానిలోనే ఉంటుంది, నడిచిన గంటలనూ లెక్కపెడుతుంది. లైటింగ్ కాయిల్ ఉన్న మోటారైతే అక్కడి నుంచి సంకేతం తీసుకోవచ్చు. అయితే కాయిల్‌లోని ధ్రువాల సంఖ్యకు మీటరును సరిచేయాలి. 12 ధ్రువాలున్న చోట 6కు పెడితే 2,500 చుట్లు 5,000గా కనిపిస్తాయి. పూర్తి వేగంలో చుట్లు కంపెనీ చెప్పినదాని కంటే తక్కువగా ఉంటే, ఫ్యాను (ప్రొపెల్లర్) ఆ బోటు బరువుకు తగింది కాకపోవచ్చు. అలాంటప్పుడు నూనె వృథా, ఇంజనుకు భారం.

ఉప్పుగాలి వైరింగును తినేస్తుంది. తగరం పూత ఉన్న రాగి తీగ వాడాలి, అతుకుల మీద వేడికి ముడుచుకునే తొడుగు వేయాలి, బ్యాటరీ ఉంటే దాని పక్కనే ఫ్యూజు పెట్టాలి.

దీనికి అనువైన కాలం వేట నిషేధం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర బోట్లు ఒడ్డునే ఉంటాయి. మోటారు ఎలాగూ విప్పుతారు. ముందు కొత్త ఇంపెల్లర్ వేసి, ఆ తర్వాతే మీటరు బిగించాలి. అరిగిన పంపుతో వచ్చిన అంకెను మామూలు అనుకుంటే మీటరు పెట్టీ లాభం లేదు. నిషేధం తీరాక మొదటి వేటకు వెళ్లినప్పుడు నిదానంగా నడిపినప్పుడు ఒకటి, పూర్తి వేగంలో ఒకటి, ముల్లు ఆగిన చోట పెయింటు గీత పెట్టుకోవాలి. నెల తర్వాత అదే వేగంలో ముల్లు ఆ గీత దాటితే, మర్నాటి వేటకు ముందు ఒడ్డునే పంపు విప్పి చూడాలి.