ఖార్దూంగ్ లా దారిలో ఇన్సులిన్

లడాఖ్‌లో ఖార్దూంగ్ అనే చిన్న గ్రామం ఉన్నది. అది సముద్రమట్టానికి సుమారు 4,000 మీటర్ల ఎత్తున ఉన్నది. సెప్టెంబరు మాసంలో అక్కడనుండి లేహ్ పట్టణం వరకు 72 కిలోమీటర్ల పరుగుపందెం జరుపుతారు. నడుమ 5,359 మీటర్ల ఎత్తున ఖార్దూంగ్ లా కనుమ అడ్డుగా నిలిచి ఉంటుంది. ఇందులో ఒక విచిత్రం కలదు. పరుగు మొదలయ్యే చోటికి చేరవలెనంటే పందెగాడు ముందుగా లేహ్ నుండి మోటారులో ఆ కనుమనే ఎక్కి, అవతలివైపు దిగవలెను. అనగా కాలు కదపకముందే ఆ ఎత్తును అతని శరీరం ఒకసారి చవిచూస్తుందన్నమాట.

మా కళాశాలలో చదివిన యువకుడొకడు 2023లో ఈ పందేనికి వెళ్ళాడు. పన్నెండవ ఏటినుండి ఇన్సులిన్ సూదిమందు మీద ఆధారపడి ఉన్నవాడు. కనుమ మీద బండి ఆగినప్పుడు అతనికి తల తిరిగినది, చేతులు వణికినవి. “ఇక్కడ గాలి పలుచన, కాసేపు కూర్చుంటే అదే సర్దుకుంటుంది” అన్నారు తోటివారు. అతడు వారి మాట వినక వేలు గుచ్చుకొని నెత్తురు పరీక్షించుకున్నాడు. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 58 మిల్లీగ్రాముల గ్లూకోజు! 70కి తగ్గినదంటేనే జాగ్రత్తపడవలసిన స్థితి. వెంటనే పదిహేను గ్రాముల గ్లూకోజు పొడి నోట వేసుకొని, పావుగంట ఆగి మళ్ళీ చూసుకొని, అంకె పైకి వచ్చిన తరువాతనే బండి ఎక్కాడు. తిరిగి వచ్చి, “మాస్టారూ, అంతకు ముందురోజు బాగానే ఉన్నాను గదా, ఆ ఉదయం ఎందుకలా అయినది?” అని అడిగాడు.

అతని వ్యాధి పెద్దవయసులో సాధారణంగా వచ్చే మధుమేహం వంటిది కాదు. క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరపు రక్షణ వ్యవస్థయే పొరపాటున నాశనం చేస్తుంది. 1921లో టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్‌ను వేరుచేయకముందు ఈ వ్యాధి సోకిన పిల్లలు ఎక్కువకాలం బ్రతికేవారు కారు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలునికి తొలిసారిగా ఆ మందు ఇచ్చారు. నేటికీ అటువంటి రోగి ఎక్కడికి పోయినా ఆ మందు వెంట ఉండి తీరవలెను.

ఇన్సులిన్ ఒక మాంసకృత్తు. 51 ఆమినో ఆమ్లాలు రెండు గొలుసులుగా కూడి ఏర్పడినది. కోడిగుడ్డు తెల్లసొన వేడికి ఎట్లా మారిపోతుందో చూడని వారుండరు. అది కూడ మాంసకృత్తే. ఇన్సులిన్ అంత నాటకీయంగా మారదు గాని, ఎండకు క్రమంగా శక్తి కోల్పోతుంది. వాడకానికి తీయని సీసాలను 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉంచవలెను. రైలు ప్రయాణంలో మన కుర్రవాడు తడిగుడ్డ సంచి వాడాడు. నీరు ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణాన్ని లోపలి వస్తువునుండి లాగుకొంటుంది. మన మట్టికూజా చేసే పని ఇదే. అయితే గాలిలో తేమ హెచ్చుగా ఉండే మన కోస్తా ఊళ్ళలో ఈ ఉపాయం అంతగా పారదు.

నా అభిప్రాయంలో మన తెలుగువారు ఎండకన్న చలికే ఎక్కువ భయపడవలెను. ఎండ సంగతి మనకు తెలుసు. మందు గడ్డకట్టడం తెలియదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ తిరిగి కరిగినా, చూపుకు బాగున్నా, పారవేయవలసినదే. మంచుగడ్డకు ఆనించి ఉంచినా ఈ ప్రమాదమున్నది. విమానపు అడుగుభాగంలో వేసే పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టుకొమ్మనడం ఇందుకే. విమానంలో ఇంకొక చిక్కు: కూర్చునే గదిలో సైతం గాలిపీడనం 1,800 నుండి 2,400 మీటర్ల ఎత్తున ఉన్నంతే ఉంటుంది. పీడనం తగ్గగానే మందులోని గాలిబుడగలు వ్యాకోచిస్తాయి. బుడగ పోగొట్టకుండా సూది వేసుకొంటే మోతాదు తప్పుతుంది.

ఇక కనుమ మీది సంగతి. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలిపీడనం సముద్రతీరంలో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. ఈ ఒత్తిడికి శరీరం అడ్రినలిన్ వంటి స్రావాలను విడుదల చేస్తుంది. అవి గ్లూకోజును పెంచుతాయి. మరొకవైపు ఆకలి మందగిస్తుంది. తిండి తగ్గితే గ్లూకోజు పడిపోతుంది. ఏది నెగ్గుతుందో ముందుగా చెప్పలేము. మన కుర్రవాడు ఆ ఉదయం అలవాటు మోతాదే వేసుకున్నాడు. వికారం వల్ల ఫలహారం సగం వదిలివేశాడు. పైగా ముందురోజు కొండ వాలున నాలుగు గంటలు నడిచాడు. శ్రమించిన కండరాలు తమ నిల్వలు నింపుకొనడానికి ఒక రోజు వరకు నెత్తురునుండి గ్లూకోజు లాగుతూనే ఉంటాయి. మూడూ కలిసి వచ్చినవి.

తోటివారి పొరపాటు కూడ సహజమే. తలనొప్పి, వికారం, నీరసం, తల తిరగడం, ఇవన్నీ ఎత్తువల్లనూ వస్తాయి, గ్లూకోజు తగ్గినా వస్తాయి. లక్షణాలను బట్టి విడదీయడం వైద్యునికే కష్టం. పరీక్ష యంత్రమే శరణ్యం. ఆ యంత్రాన్నీ గుడ్డిగా నమ్మరాదు. గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో పనిచేసే పట్టీలలో ప్రాణవాయువుకు పాత్ర ఉన్నది. అది తక్కువైన చోట ఫలితం ఉన్నదానికన్న హెచ్చుగా కనబడే అవకాశం కలదు. గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ పట్టీలకు ఈ బెడద లేదు. చలికి యంత్రం మొరాయించడం మాత్రం రెండింటిలోనూ ఉన్నదే.

ఆ రాత్రి ఖార్దూంగ్‌లో అతడు ఇన్సులిన్‌నూ, యంత్రాన్నీ ఒంటికి తగిలేటట్లు చొక్కా లోపలి జేబులో పెట్టుకొని పడుకున్నాడు. వైద్యుడు ముందే చెప్పి పంపినట్లు మోతాదు తగ్గించుకున్నాడు. అర్ధరాత్రి దాటిన తరువాత ఒకసారి లేచి పరీక్షించుకొని నాలుగు బిస్కట్లు తిన్నాడు. ఇంకా చీకటి ఉండగానే అందరితో పాటు వరుసలో నిలబడినప్పుడు యంత్రం 154 చూపినది.