మెరుపు కింద, వన్నె పైన

ఉక్కుతో చరిత్రకెక్కిన హెన్రీ బెస్సెమర్‌ను అంతకుముందే సంపన్నుణ్ణి చేసింది బంగారు రంగులో కలిపే ఇత్తడి రజను. 1840 ప్రాంతంలో అది జర్మనీ నుంచి ఇంగ్లండుకు వచ్చేది, ఔన్సు 7 షిల్లింగులు పలికేది. ముడి ఇత్తడి మాత్రం కారుచౌక, ధరంతా చేతిపనిదే. యంత్రంతో ఆ రజను చేయాలని బెస్సెమర్ పూనుకున్నాడు. మొదటి యంత్రం ఇత్తడిని సన్నగా తురిమిందే గానీ ఆ పొడి మెరవలేదు. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే లోపం దొరికింది. జర్మన్ రజనులో ప్రతి రేణువూ పలుచని చదును రేకు. తన పొడిలోవి మెలితిరిగిన ముక్కలు. చదును రేకులు పూతలో చేప పొలుసుల్లా ఒకదానిపై ఒకటి పరుచుకుని కాంతిని ఒకే దిక్కుకు తిప్పుతాయి, మెలికల ముక్కలు నలుదిక్కులకూ చిమ్ముతాయి. కొత్త యంత్రాల భాగాలను వేరువేరు కార్ఖానాల్లో చేయించి, రహస్యాన్ని బావమరదుల చేతిలో పెట్టి, ఏళ్ల తరబడి కాపాడుకున్నాడు.

మెరుపు రేణువు ఆకారం నుంచి వస్తుంది, వన్నె వేరే సంగతి. చిన్న బొమ్మలకు రంగులేసేవారు ఈ రెంటినీ విడదీయాలనీ, వెండిరంగు పూత మీద పారదర్శకమైన ఇంకు లేదా గ్లేజు వేసి వన్నె తేవడమే మేలైన దారనీ నా వాదన. అల్యూమినియం కంటికి కనిపించే కాంతిలో దాదాపు 90 శాతాన్ని, అన్ని రంగులనూ ఇంచుమించు సమంగా, తిప్పి పంపుతుంది. బంగారం నీలం, ఊదా కాంతులను చాలావరకు మింగేస్తుంది. అందుకే బంగారం మీది తళుకు కూడా పసుపే. పసుపు ప్లాస్టిక్ మీది తళుకు తెలుపు. అల్యూమినియం పూత మీద పసుపుగోధుమ ఇంకు వేస్తే కాంతి దాన్ని దాటి రేకును తాకి, మళ్లీ దానిలోంచే బయటికొస్తుంది. రెండుసార్లు వడకట్టిన ఆ కాంతిలో తళుక్కే రంగు పడుతుంది. దట్టమైన మామూలు రంగు అయితే రేకులను కప్పేస్తుంది. ఈ కిటుకు పాతదే. 12వ శతాబ్దపు సన్యాసి థియోఫిలస్ తగరపు రేకుకు కుంకుమపువ్వు రంగు పట్టించి బంగారంలా చూపే పద్ధతి రాసిపెట్టాడు. 1950లలో కాలిఫోర్నియాలో జో బైలాన్ కార్లకు వేసిన క్యాండీ యాపిల్ ఎరుపు కూడా ఈ కోవదే.

చిన్న బొమ్మకు దీని అవసరం ఇంకా ఎక్కువ. 28 మిల్లీమీటర్ల సైనికుడు మనిషిలో సుమారు అరవయ్యో వంతు. పూతలో రేకు 20 మైక్రాన్లుంటే, నిలువెత్తు యోధుడి కవచం మీద అది మిల్లీమీటరుకు పైబడిన చమ్కీ అన్నమాట. గ్లేజు ఆ చమ్కీతనాన్ని అణచి, కవచం అతుకుల్లో నీడ నింపుతుంది. ఇంకును ఉత్త నీళ్లతో పలుచన చేస్తే జిగురు బలం తగ్గి అంచుల్లో మరకలు కడతాయి, అందుకని యాక్రిలిక్ మీడియం కలపాలి. కుంచెను గుడ్డకు అద్ది తడి తగ్గించి, వెలుతురు చోటి నుంచి నీడ వైపు లాగాలి, ఎందుకంటే కుంచె పైకి లేచేచోటే రంగు ఎక్కువ దిగుతుంది. కింది పూత ఆరకముందే తొందరపడితే రేకులు లేచి గ్లేజులో తేలతాయి. నీడ ఉండాల్సిన చోట మెరుపు మొదలవుతుంది.

అసలు లోహపు రజనే వద్దు, మామూలు రంగులతోనే మెరుపును గీయాలనేవారున్నారు. గదిలోని దీపం తనకు తోచిన చోట తళుకు పుట్టించి చిత్రకారుడి వెలుగునీడలను చెరిపేస్తుందని వారి అభ్యంతరం. అది నిజమే. ఒకే కోణంలో తీసే ఫొటోకైతే వారి పద్ధతే నెగ్గుతుందని ఒప్పుకుంటాను. కానీ బొమ్మను చేతిలో తిప్పి చూస్తే గీసిన తళుకు కదలదు, లోహపు తళుకు కదులుతుంది. పైగా ముదురు గ్లేజు పడినచోట దీపం ఆటలు అంతగా సాగవు. అదుపు చాలావరకు చిత్రకారుడి చేతికే వస్తుంది. ఇంకులు వెలిసిపోతాయన్న మాట డై ఇంకుల విషయంలో సరైనదే. సన్నగా నూరిన, ఎండకు ఓర్చే పిగ్మెంటు ఇంకులు దొరుకుతున్నాయి, అవే వాడాలి. చివరి వార్నిష్ దగ్గర మాత్రం జాగ్రత్త: మ్యాట్ వార్నిష్ గరుకుతనం కాంతిని చిమ్మేసి ఈ శ్రమనంతా మసకబారుస్తుంది, కాబట్టి దాన్ని బట్టలకూ తోలుకూ పరిమితం చేసి లోహానికి గ్లాసో, శాటినో వేయాలి.