రెండు గుడిసెలు

కోనసీమ కవిత్వమంటే కొబ్బరితోటలూ, గోదావరి పాయలూ అని చాలాకాలం నేనూ అనుకున్నాను. ఆ దృశ్యం అబద్ధం కాదు. నీడన కూర్చున్నవాడు చూసిన దృశ్యం. రాజోలు ప్రాంతపు మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న అదే నేల మీద గుడిసెను చూశాడు. ఆయన ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

అమెరికా నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ 1920లో రైలులో మిసిసిపీ దాటుతూ నదుల మీద ఒక కవిత రాశాడు. అది 1921లో అచ్చయింది. అందులోనూ గుడిసె ఉంది, కాంగో ఒడ్డున.

ఈ ఇద్దరినీ ఒకే గాట కట్టి ‘పీడితుల గొంతు’ అని నేనొకప్పుడు తేల్చేశాను. అది పొరపాటు. హ్యూస్ గుడిసె జ్ఞాపకంలో చల్లగా ఉంది. భీమన్న గుడిసె కళ్ళెదుట కాలుతోంది. బానిసత్వం మనిషిని సొంత నేల నుంచి ఎత్తుకుపోయింది. అంటరానితనం సొంత ఊళ్ళోనే వెలివేసింది. అందుకే ఒకరికి పోయిన ఇల్లు కావాలి, మరొకరికి ఉన్న ఇల్లు నిలవాలి.

పోలికలు చూపడంతో విమర్శ పూర్తికాదు. ఒకే వస్తువు రెండు కవితల్లో ఎందుకు వేరయిందో, ఏ సమాజం దాన్ని వేరుచేసిందో చెప్పినప్పుడే అది విమర్శ అవుతుంది.