ఆరాధన మధ్యలో బొమ్మ ఆగిపోతే

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరపు తలుపులు మూసినప్పుడు, అనేక సంఘములు మొదటిసారిగా ఆదివారపు ఆరాధనను ఫోనులోనికి తెచ్చాయి. తలుపులు మరల తెరిచారు గాని ఆ అలవాటు పోలేదు. మంచము దిగలేని వృద్ధులకు, గల్ఫులో ఉన్న బిడ్డలకు ఇప్పటికీ అదే మందిరము.

మా సంఘములో పక్షవాతముతో ఉన్న ఒక పెద్దమ్మగారిని చూడబోయినప్పుడు ఆమె, "అయ్యగారూ, మీరు నోరు తెరిచి అట్లాగే ఆగిపోయారు. ప్రభువు బల్ల దగ్గర ఒక్క మాటా వినబడలేదు" అన్నారు. ముందు నవ్వు వచ్చింది, తరువాత సిగ్గు వేసింది.

లోపము మాలోనే ఉన్నది. బొమ్మ అద్దములా ఉండాలని మా యౌవనస్థులు 1080పి పెట్టి, బిట్‌రేటు 6000 కిలోబిట్లకు ఎక్కించారు. లైను 40 మెగాబిట్లదే గదా అని వారి ధైర్యము. అది మన దగ్గరకు దిగే వేగము. మన దగ్గరనుండి పైకి పోయే వేగము, అంటే అప్‌లోడు, ఆదివారము పదిన్నరకు కొలిస్తే 5 మెగాబిట్లే! అయిదు పట్టే గొట్టములో ఆరు పోశాము.

ఇప్పుడు 720పి, సెకనుకు 30 ఫ్రేములు, 2500 కిలోబిట్లు పెట్టాము. కొలిచిన వేగములో సుమారు సగమే వాడాలి. లైను గంటసేపు ఒకే తీరున ఉండదు. మొబైల్ డేటాతో పంపేవారు, గంటన్నర ఆరాధనకు దాదాపు 1.8 జీబీ ఖర్చవుతుందని గుర్తుంచుకోండి.

మేము వాడే ఓబీఎస్ ఉచిత ప్రోగ్రాము. అందులో రేట్ కంట్రోల్ అనేచోట సీబీఆర్ ఎన్నుకోండి. వీబీఆర్ అయితే నేను కదలక ప్రసంగించేటప్పుడు తక్కువ వాడి, క్వయరు లేచి చప్పట్లు కొట్టగానే ఒక్కసారిగా ఎగబ్రాకుతుంది. హెచ్.264 పద్ధతిలో నిండు బొమ్మ అప్పుడప్పుడు మాత్రమే వెళ్తుంది, మధ్యలో మారిన భాగములే వెళ్తాయి. ఆ నిండు బొమ్మ పేరు కీఫ్రేము. యూట్యూబు దానిని 2 సెకన్లకు ఒకసారి పంపమంటుంది, 4 దాటకూడదు. ఆ గడిలో 0 ఉంటే 2 వ్రాయండి.

మాది సంఘపు లెక్కలు వ్రాసే పాత కంప్యూటరు. కనుక ప్రీసెట్ 'వెరీఫాస్ట్'. 'మీడియం' పెడితే బొమ్మ కొంచెము మెరుగే గాని ప్రాసెసరుకు ఊపిరాడదు. ఏది తప్పిందో ఊహించనక్కరలేదు. ఓబీఎస్ స్టాట్స్ కిటికీలో రెండు లెక్కలు వేరువేరుగా కనబడతాయి. నెట్‌వర్కు వలన ఫ్రేములు రాలితే బిట్‌రేటు తగ్గించాలి. ఎన్‌కోడింగ్ వెనుకబడి ఫ్రేములు పోతే ప్రీసెట్ ఇంకా వేగముగా పెట్టాలి.

ధ్వనికి ఏఏసీ 128 కిలోబిట్లు చాలు. అయితే కెమెరా మైకును నమ్మక మిక్సరు నుండి వైరు లాగండి. బొమ్మ మసకబారితే జనులు ఓర్చుకొంటారు, మాట తెగితే ఓర్చుకోలేరు.

బొమ్మ పలచనైందని మా కుర్రవాళ్లు ఇంకా గొణుగుతూనే ఉన్నారు. గత నెల బల్ల ఆదివారము సాయంత్రము పెద్దమ్మగారు ఫోను చేశారు. ఆరాధన అంతా ఆగకుండా వచ్చిందట. పుల్పిట్ పక్కనున్న ఫ్యాను చప్పుడు మాత్రము ఎక్కువగా ఉన్నది, దాన్ని అవతల పెట్టించమన్నారు.