పేలని తూటా నేర్పిన పాఠం

ట్రిగ్గర్ నొక్కాను. ‘టక్’ మంది. పేలలేదు. ఏమైందో చూద్దామని పిస్టల్‌ని కాస్త నా వైపు తిప్పబోయాను. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుని, పిస్టల్‌ని మళ్లీ ఎదురుగా ఉన్న మట్టిగట్టు వైపు నిలబెట్టింది. షూటింగ్ రేంజిలో డ్యూటీలో ఉన్న పెద్దాయన. అరవలేదు, తిట్టలేదు. ‘‘ముప్పై లెక్కపెట్టు’’ అన్నాడంతే. లెక్కపెట్టాను. ఆ ముప్పై సెకన్లలో నాకు పట్టిన చెమటలు టెక్సాస్ ఎండకి పట్టినవి కావు.

తర్వాత మ్యాగజైన్ తీయించి, ఆ తూటాని బయటికి లాగించి నా చేతిలో పెట్టాడు. దాని అంచు మీద చిన్న సొట్ట. ‘‘నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఇది చచ్చిన తూటానే. కానీ ఎప్పుడో ఒకసారి ఆలస్యంగా పేలుతుంది. ఆ రోజు గొట్టం ఎటు చూస్తోందన్నదే ముఖ్యం’’ అన్నాడు.

పిస్టల్ ఎంచుకునేటప్పుడు ‘నమ్మకంగా పనిచేస్తుందా’ అని ఎందుకు చూడాలో నాకా రోజు అర్థమైంది. గురి తప్పితే కాగితానికి చిల్లు పడదు, అంతే. పిస్టల్ మాటిమాటికీ మొరాయిస్తే మాత్రం మన చెయ్యి ఊరుకోదు. తిప్పుతాం, గుంజుతాం, లోపలికి తొంగిచూస్తాం. ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఎన్‌సీసీ నుంచి డాలస్ దాకా

మాది ఖమ్మం. డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపులో నేలమీద బోర్లా పడుకుని పాయింట్ టూ టూ రైఫిల్‌తో అయిదు తూటాలు కాల్చాను. ఆ అయిదింటి కోసం ఏడాదంతా పరేడ్ చేశాం. తర్వాత ఉద్యోగం, పెళ్లి, అమెరికా. మళ్లీ తుపాకీ మాట తలపెట్టలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచిందని చదివాక ఆ పాత సరదా కదిలింది. ఆ పోటీలో వాడేది కూడా నేను క్యాంపులో కాల్చిన పాయింట్ టూ టూ తూటానే.

అమ్మకి ఫోన్లో చెబితే, ‘‘దీపావళికి లక్ష్మీబాంబు పేలితేనే చెవులు మూసుకుని వంటింట్ల దాక్కునేటోడివి, నీకు తుపాకెందుకురా?’’ అంది. మా ఆవిడ నవ్వలేదు. మాకు తొమ్మిదేళ్ల పాప ఉంది. ‘‘ఏవండీ, ఆట కోసమైతే సరే. ‘ఇంటికి రక్షణ’ అంటూ దిండు కింద పెట్టుకుంటానంటే మాత్రం కుదరదు. తాళం లేకుండా ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉండకూడదు’’ అని షరతు పెట్టింది. తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి మనవాళ్ల పిల్లలు పోయారన్న వార్తలు మనమూ చదువుతున్నాం కదా. ఒప్పుకున్నాను.

ముందు వీసా చూసుకోండి

అమెరికాలో ఉన్న మనవాళ్లు చాలామంది ‘ఏ పిస్టల్ కొనాలి’ అని అడుగుతారు. నేను ముందు అడిగేది ‘మీదే వీసా’ అని. ఎఫ్-1 విద్యార్థులు, హెచ్-1బీ ఉద్యోగుల్లాంటి తాత్కాలిక వీసాల వాళ్లు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చినా ఇదే వర్తిస్తుంది. ఫ్రెండ్ తుపాకీయే కదా అని చేతిలోకి తీసుకోవడం కూడా తెలివైన పని కాదు. ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్క మాట అడగండి.

గ్రీన్‌కార్డు ఉంటే కొనుక్కోవచ్చు. లైసెన్సున్న షాపులో పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. 4473 అనే ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ జరుగుతుంది. ఆ ఫారంలో అబద్ధం రాస్తే అదో పెద్ద నేరం. నేను గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగాను.

చిన్న తూటా, పాత తూటా

పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. లోపలి సీసపు గుండు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే 2.6 గ్రాములు. చవక. చేతికి పెద్దగా తన్నదు. 9 ఎంఎం పిస్టల్‌తో మొదలుపెట్టిన కొత్తవాళ్లు పేలుడుకి ముందే కళ్లు మూసుకుని చెయ్యి కిందికి వంచేస్తారు. ఈ అలవాటు ఒకసారి పడితే పోగొట్టుకోవడం కష్టం. పాయింట్ టూ టూతో మొదలుపెడితే ఆ భయం ఉండదు.

చిన్నది కదా అని ఆటబొమ్మ అనుకోవద్దు. దాని గుండు మైలుకు పైగా పోగలదు. చప్పుడు కూడా చెవులకి శాశ్వతంగా నష్టం చేసేంత ఉంటుంది. చెవులకి మఫ్స్, కళ్లకి అద్దాలు లేకుండా రేంజిలో అడుగుపెట్టొద్దు.

ఇక ఈ తూటా బలహీనత దాని పేరులోనే ఉంది. దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. 9 ఎంఎం తూటాకి అడుగున మధ్యలో నిప్పు పుట్టించే చిన్న మూత విడిగా ఉంటుంది. పాయింట్ టూ టూకి అలా ఉండదు. ఆ మందుని పలచటి ఇత్తడి అంచు లోపల చుట్టూ పరుస్తారు. పిస్టల్‌లోని సూది ఆ అంచుని నొక్కితే నిప్పు పుడుతుంది. సూది తగిలిన చోట మందు సరిగ్గా పరుచుకోకపోతే ‘టక్’ మనే చప్పుడే మిగులుతుంది. పైగా అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి, మ్యాగజైన్‌లో నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక పడిందా, రెండూ ఒకదానికొకటి చిక్కుకుని ఆగిపోతాయి. మైనపు పూత, మసి కలిసి పిస్టల్ లోపల జిగురు పేరుకోవడం మరో తలనొప్పి.

అంటే ఎంత మంచి పిస్టల్ అయినా ఎప్పుడో ఒకసారి ఆగుతుంది. ‘అసలు ఆగనిది’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. మనం వెతకాల్సింది తక్కువ ఆగేదాన్ని, ఆగినప్పుడు తేలిగ్గా సరిచేసుకోగలిగేదాన్ని.

నేను చేసిన తప్పు

నా మొదటి పిస్టల్‌ని సెకండ్‌హ్యాండ్‌లో, చూడటానికి బాగుందని కొన్నాను. ఏ కంపెనీదన్నది ఇక్కడ అనవసరం. పదిలో రెండుసార్లు ఆగేది. ఖాళీ తొడుగు బయటికి పోకుండా పొగగొట్టంలా నిటారుగా ఇరుక్కునేది. శుభ్రం చేద్దామని విప్పితే మళ్లీ బిగించడానికి ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. దాంతో విప్పడానికే బద్ధకించాను. శుభ్రం చేయకపోయేసరికి ఇంకా ఎక్కువ ఆగింది. మొదట్లో చెప్పిన సంఘటన దానితోనే జరిగింది. వారం తిరక్కుండా నష్టానికి అమ్మేశాను.

రెండోసారి పెద్దాయన సలహా విన్నాను. ‘‘కొనకు. ముందు అద్దెకు తీసుకో’’ అన్నాడు. రెండు నెలల్లో అయిదు రకాలు కాల్చి చూశాను.

రూగర్ మార్క్ 4: ఈ కంపెనీ 1949లో మొదలైందే పాయింట్ టూ టూ పిస్టల్‌తో. మార్క్ 4 వచ్చింది 2016లో. పాత మోడళ్లని విప్పడం పెద్ద పరీక్షలా ఉండేది. దీనికి వెనక ఒక బటన్ నొక్కితే చాలు, పైభాగం తెరుచుకుంటుంది. గొట్టం కదలదు, లోపలి బోల్టే ముందుకీ వెనక్కీ పోతుంది కాబట్టి గురి చూసే ముక్కు స్థిరంగా ఉంటుంది. బరువైన గొట్టం ఉన్న టార్గెట్ మోడల్ కిలో దాకా ఉంటుంది. ఆ బరువే చేతిని నిలకడగా ఉంచుతుంది.

బ్రౌనింగ్ బక్ మార్క్: 1985 నుంచి ఉంది. ట్రిగ్గర్ మెత్తగా, శుభ్రంగా తెగుతుంది. విప్పడానికి మాత్రం స్క్రూలతో పని.

స్మిత్ అండ్ వెసన్ విక్టరీ: ఇదీ 2016లోనే వచ్చింది. ఒక స్క్రూ తీస్తే గొట్టం మార్చుకోవచ్చు. ధర అందుబాటులో ఉంటుంది.

టారస్ టీఎక్స్ 22, గ్లాక్ 44: మొదటిది 2019లో, రెండోది 2020లో వచ్చింది. రెండూ ప్లాస్టిక్ బాడీతో 9 ఎంఎం పిస్టల్ ఆకారంలో ఉంటాయి. గ్లాక్ ఖాళీగా అరకిలో కూడా ఉండదు. టారస్ మ్యాగజైన్‌లో 16 తూటాలు పడతాయి. పెద్ద పిస్టల్‌కి సాధనగా వాడేవాళ్లకి బాగుంటాయి. కాగితం మీద చిన్న గుంపుగా చిల్లులు పడాలనుకునే నాకు మాత్రం బరువైనవే నచ్చాయి.

రివాల్వర్ సంగతేంటని అడుగుతారు. అందులో తొడుగు ఇరుక్కునే గొడవ లేదు, పేలని తూటా వస్తే చక్రం తర్వాతి దానికి తిరుగుతుంది. అయితే అక్కడా వెంటనే తిప్పకూడదు, ముప్పై లెక్కపెట్టాల్సిందే. తిరిగిపోయిన గదిలో ఆలస్యంగా పేలితే ఆ గుండు గొట్టంలోంచి పోదు.

తప్పెవరిదో నోట్‌బుక్ చెప్పింది

చివరికి మార్క్ 4 కొన్నాను. కొన్న మొదటి నెల ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2, 3 అని రాశాను. నాలుగు రకాల తూటాల డబ్బాలు ఒక్కోటి కొన్నాను. సీసీఐ మినీ మ్యాగ్ లాంటి వేగం ఎక్కువున్నవి, అదే కంపెనీ స్టాండర్డ్ వెలాసిటీ, రెండు చవక రకాలు. మినీ మ్యాగ్ వేగం సెకనుకి 1,235 అడుగులని, స్టాండర్డ్‌ది 1,070 అని కంపెనీ లెక్క. ఇవి రైఫిల్ గొట్టంలో కొలిచినవి, పిస్టల్‌లో తగ్గుతాయి. వేగం తక్కువైతే కొన్ని పిస్టళ్ల బోల్టు పూర్తిగా వెనక్కి రాదు, తొడుగు ఇరుక్కుంటుంది.

ఆగిన ప్రతిసారీ మూడు విషయాలు రాసుకున్నాను. ఏ మ్యాగజైన్, ఏ తూటా, ఎలా ఆగింది. ఒకే మ్యాగజైన్‌తో ఆగుతుంటే తప్పు దానిది. ఒకే రకం తూటాతో అయితే ఆ డబ్బాది. అన్నిటితోనూ ఆగితే పిస్టల్‌ది. నా చేతిలోనే ఆగి పక్కవాడి చేతిలో ఆగకపోతే నా మణికట్టుది. వదులుగా పట్టుకుంటే పిస్టల్ మొత్తం వెనక్కి జరిగి, లోపలి బోల్టుకి కావలసిన బలం దొరకదు.

మూడు వందల తూటాలయ్యాక చూస్తే పదకొండుసార్లు ఆగింది. అందులో తొమ్మిది ఒకే చవక రకం తూటాలతో. ఆ డబ్బా పక్కన పెట్టేశాను. కొన్న పిస్టల్‌ని తిట్టుకోవాల్సిన అవసరమే రాలేదు.

మీరు వెళ్లినప్పుడు ఇవి మాత్రం చూసుకోండి. చూపుడువేలు ట్రిగ్గర్‌కి సాగదీయకుండా అందాలి. స్లైడ్ మీ బలంతో సులువుగా వెనక్కి రావాలి. విప్పి బిగించడం షాపులోనే చూపించమనండి. అదనపు మ్యాగజైన్లు, స్ప్రింగులు తేలిగ్గా దొరకాలి. కాల్చేటప్పుడు మామూలు చప్పుడుకి బదులు ‘తుస్’ మంటే వెంటనే ఆపేయండి. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుంది. అయిపోయాక సబ్బుతో చేతులు కడగందే ఏదీ తినొద్దు, అది సీసం.

ఇంట్లో

పిస్టల్ ఒక సేఫ్‌లో, తూటాలు వేరే గదిలో మరో పెట్టెలో. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి సిద్ధంగా ఉన్న తుపాకీ అందేలా వదిలేస్తే నేరం. అయినా చట్టం కోసం కాదు, పాప కోసం. శుభ్రం చేసే రోజు తూటాల పెట్టె ఆ గదిలోకే రాదు. మ్యాగజైన్ తీసి, గదిలో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే విప్పుతాను. మొదట్లో మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసేది. ఇప్పుడు చూడట్లేదు.

కిందటి నెల ‘‘ఒకసారి నేనూ వస్తాను’’ అంది. పాపని ఫ్రెండ్స్ ఇంట్లో దింపి వెళ్లాం. ఒక్కో తూటా మాత్రమే నింపి ఇచ్చాను. మొదటి నాలుగూ కాగితం మీదే పడ్డాయి. అయిదోది ‘టక్’ మంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ పిస్టల్‌ని కదలకుండా మట్టిగట్టు వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ మీదనుంచి తీసేసి, తెలుగులో పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు...

వెనక నిలబడ్డ పెద్దాయనకి భాష అర్థం కాలేదు. లెక్క మాత్రం అర్థమైంది. తలూపి పక్క లేన్‌కి వెళ్లిపోయాడు.